అప్పు చేసి పన్ను రాయితీ

2025 ఫిబ్రవరి నాటి కేంద్ర బడ్జెట్‌లో, కొత్త పన్ను విధానం కింద ఏడాదికి 12 లక్షల రూపాయల దాకా ఆదాయం ఉన్నవారు పన్ను కట్టనక్కరలేదని ఆర్థికమంత్రి ప్రకటించినప్పుడు సంతోషించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాకూ నాలుగు డబ్బులు మిగిలాయి. కనుక ఈ మాటల్ని పరోపదేశంగా కాక ఆత్మవిమర్శగా చదువుకోవలసిందని మనవి.

ఈ రాయితీ వల్ల సుమారు లక్ష కోట్ల రాబడి వదులుకోవలసి వస్తుందని ప్రభుత్వమే చెప్పింది. అంతకుముందు 2019 సెప్టెంబరులో, ఇతర మినహాయింపులు వద్దనుకున్న కంపెనీలకు పన్నును 22 శాతానికి తగ్గించినప్పుడు, ఆనాటి రాయితీలన్నిటి విలువ ఏడాదికి 1.45 లక్షల కోట్లన్నారు. ఈ గొయ్యి దేనితో పూడుతుంది? 2025-26 బడ్జెట్ పత్రాలు చూస్తే, వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు. పోయే ప్రతి రూపాయిలో 20 పైసలు పాత అప్పుల మీద వడ్డీ. తెచ్చేదానికీ వడ్డీగా కట్టేదానికీ నడుమ తేడా నాలుగు పైసలే!

అప్పు అంటేనే తప్పు అనే ఛాందసం నాకు లేదు. రైలుమార్గాన్నో ఓడరేవునో రేపటివాళ్ళు కూడా వాడుకుంటారు కాబట్టి, దాని ఖర్చులో కొంత వంతు వాళ్ళమీద వెయ్యడం న్యాయమే. కానీ ఆ ఏడాది తలపెట్టిన 15.69 లక్షల కోట్ల ద్రవ్యలోటులో ఇంచుమించు మూడోవంతు, అంటే 5.24 లక్షల కోట్లు, రెవెన్యూ లోటు. జీతాలు, సబ్సిడీలు, వడ్డీలు వంటి రోజువారీ ఖర్చులకు చాలక చేసే అప్పన్నమాట. దీన్నే మన పెద్దలు అప్పు చేసి పప్పుకూడు అన్నారు. ఈ లోటును కొన్నేళ్ళలో పూర్తిగా తొలగించాలని 2003లో చట్టం చేసుకున్నాం. 2018లో ఆ చట్టాన్ని సవరించి, ఆ లక్ష్యాన్నే తొలగించుకున్నాం.

దీనికొక సమాధానం తరచు వినబడుతుంది. 1991లో దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టవలసి వచ్చింది నిజమే గానీ, అది విదేశీ మారకద్రవ్యం కరువైన కాలం. ఇప్పటి ప్రభుత్వ ఋణంలో అత్యధికభాగం మన బ్యాంకులు, జీవితబీమా సంస్థ, భవిష్యనిధి వంటివి ఇచ్చినదే. కుడిచెయ్యి ఎడమచేతికి ఇచ్చిన అప్పుకు భయమెందుకు అంటారు.

భయం లేకపోవచ్చు. అన్యాయం మాత్రం ఉంది. ఆ రెండు చేతులూ ఒకే మనిషివి కావు.

నా సంగతే చూడండి. మిగిలిన పన్ను డబ్బును బ్యాంకులో దాచుకున్నాను. బ్యాంకు నాబోటివాళ్ళ డబ్బులో కొంత పెట్టి ప్రభుత్వ బాండ్లు కొంటుంది. అంటే నిరుడు పన్నుగా కట్టవలసిన సొమ్మునే ఇవాళ ప్రభుత్వానికి అప్పుగా ఇచ్చి, దానిమీద వడ్డీ పుచ్చుకుంటున్నాను. ఆ వడ్డీ ఎవరు కడుతున్నారు? మా వీధి చివర ఇస్త్రీబండి పెట్టుకున్నాయన కూడా కడుతున్నాడు. ఆయనకు ఆదాయపు పన్నుతో పని లేదు, కాబట్టి ఆ రాయితీతోనూ పని లేదు. కానీ ఫోను రీఛార్జి చేయించుకున్నప్పుడల్లా 18 శాతం జీఎస్టీ కడతాడు. మోపెడ్‌లో పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా ఎక్సైజు సుంకం కడతాడు. ఆయన తరవాత ఆయన పిల్లలు కడతారు.

పన్నులు తగ్గించకూడదని నేననను. తగ్గిస్తున్నామని చెప్పిన నోటితోనే, ఏ ఖర్చు మానుకుంటున్నారో, ఎవరి పన్ను పెంచుతున్నారో కూడా చెప్పాలి. తీసేసిన రెవెన్యూ లోటు లక్ష్యాన్ని చట్టంలో తిరిగి చేర్చాలి. ఈ రెండూ జరిగేదాకా, అప్పు మీద వచ్చిన రాయితీని రాయితీ అనడానికి నాకు నోరు రాదు. అది నా పన్నును ఇంకొకరి పేరుకు మార్చడమే. ఆ ఇంకొకరిని ఎవరూ అడగలేదు, చప్పట్లు కొట్టిన నాతో సహా.