పెళ్ళికి ముందే రాసే చదివింపుల పద్దు

భోజనాల హాలుకు వెళ్ళే దారిలో ఒక బల్ల, దాని మీద పొడుగాటి పుస్తకం, వెనక నగదు సంచీ ఒళ్ళో పెట్టుకున్న నమ్మకస్థుడైన బంధువు. ఊరు, ఇంటిపేరు, పేరు, ఆపైన 516 అనో 1,116 అనో రాసుకుంటాడు. రేపు ఆ ఇంట్లో పెళ్ళి వస్తే, ఎంత చదివించాలో తేల్చేది ఈ పుస్తకమే. ఇంత పక్కాగా లెక్క రాసుకునే మనం ఆన్‌లైన్ గిఫ్ట్ రిజిస్ట్రీ అనగానే ‘కానుకలు అడుక్కుంటారా’ అని ముఖం చిట్లిస్తాం. రెండూ పద్దులే. ఒకటి పెళ్ళిలో రాస్తారు, రెండోది పెళ్ళికి ముందు రాస్తారు.

1924లో షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ దుకాణం ఈ రిజిస్ట్రీ పద్ధతి మొదలుపెట్టింది. కొత్త జంట కావలసిన సామాను చెప్పి ఉంచితే, ఒకరు కొన్నది ఇంకొకరు కొనకుండా దుకాణం చూసుకునేది. ఇప్పుడు ఆ పని వెబ్‌సైటు చేస్తోంది. మనకూ ఆ అవసరం లేకపోలేదు. ఒకే పెళ్ళిలో మూడు గోడ గడియారాలు, రెండు డిన్నర్ సెట్లు వస్తాయి. అటకెక్కి, కొత్త రంగుకాగితం చుట్టుకుని ఇంకో పెళ్ళికి బయల్దేరతాయి. అమెరికాలో కాపురం పెట్టబోయే జంటకైతే ఆ అటక కూడా లేదు. విమానంలో పెట్టెకు 23 కిలోలంటే పచ్చళ్ళూ పట్టుచీరలకే సరిపోదు.

శుభలేఖతో పాటు ధరల పట్టిక పంపితే ఆశీర్వాదానికి రేటు కట్టినట్టు కాదా అంటారు. అవును, కార్డు మీద లింకు అచ్చువేస్తే అంతే. ‘నీకేం కావాలే?’ అని అడిగిన అత్తయ్యకు పంపితే మాత్రం అది జవాబు. ఆ జాబితాలో మూడు వందల రూపాయల వస్తువులూ ఉండాలి. ఖరీదైనదాన్ని నలుగురు కలిసి కొనే వీలుండాలి.

అంతకన్నా గట్టి అభ్యంతరం, ఇది ముసుగేసుకున్న కట్నమని. మగపెళ్ళివారు ఆడపెళ్ళివారిని ఉద్దేశించి రాయిస్తే అది కట్నమే, కాగితం మీదైనా ఫోన్‌లోనైనా. అయితే 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనలు వధూవరులకు వచ్చిన కానుకలకు జాబితాలు రాయమంటున్నాయి: వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువైతే వరస, కింద వధూవరులిద్దరి సంతకాలు. అవి రాసే ఇళ్ళు ఎన్ని? రిజిస్ట్రీలో మొదటి మూడూ సిద్ధంగానే ఉంటాయి.

కాబట్టి పెళ్ళివారికి ఒక మాట. లింకు శుభలేఖ మీదికి ఎక్కించకండి. పెళ్ళయ్యాక ఆ జాబితా ప్రింటు తీసి, నగదు చదివింపులూ వరసలూ చేర్చి, ఇద్దరూ సంతకాలు పెట్టి దాచుకోండి.