సెల్లారులో కునుకు.. సంక్రాంతికి వణుకు

మాదాపూర్‌: సంక్రాంతికి రెండు రోజుల ముందు విజయవాడ జాతీయ రహదారిపై చౌటుప్పల్‌ సమీపంలోని పంతంగి టోల్‌ప్లాజా వద్ద కార్లు కిలోమీటర్ల మేర బారులు తీరడం ఏటా కనిపించే దృశ్యమే. ఆ వరుసలో నిలిచిన కొన్ని కార్లకు ఏడాది మొత్తంలో అదొక్కటే సుదూర ప్రయాణం. మిగిలిన రోజుల్లో అవి కొండాపూర్‌, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మణికొండ, నల్లగండ్ల ప్రాంతాల్లోని అపార్టుమెంట్ల సెల్లార్లలో దుమ్ము కప్పుకొని పడి ఉండేవే. నెలల తరబడి నిద్రపోయిన బండిని ఉన్నపళంగా లేపి, పిల్లాపాపలను, వృద్ధులైన తల్లిదండ్రులను ఎక్కించుకొని ఒక్కపూటలో 270 కిలోమీటర్లు పరుగెత్తించడం ఎంతవరకు క్షేమమన్న ఆలోచన బయల్దేరేటప్పుడు ఎందరికో తట్టదు. బానెట్‌ ఎత్తి రోడ్డు వార నిలబడ్డాక గాని అసలు సంగతి బోధపడదు.

తిరగని బండికి మరమ్మతులేమిటన్నది యజమానుల్లో బలంగా నాటుకున్న అభిప్రాయం. మీటరుపై 2 వేల కిలోమీటర్లు కూడా పెరగనప్పుడు సర్వీసింగ్‌కు డబ్బు పోయడం దండగన్న లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది. అయితే కారులో అరిగిపోయే భాగాలు కొన్ని, వయసుతో చెడిపోయేవి కొన్ని. మొదటి రకానికి కిలోమీటర్లు ప్రమాణమైతే రెండో రకానికి క్యాలెండరే ప్రమాణం. అందుకే కంపెనీలు ఇచ్చే పుస్తకాల్లో 10 వేల కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అని రాసి ఉంటుంది. ఆ వాక్యంలో రెండో సగాన్ని చదివేవారే కరవు.

ఎందుకు నిలిచిపోయాయి?
1998 నవంబరు 22న సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతంలో ఉద్యోగం, ఇంటి రుణం, కారు రుణం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రోజూ ఆఫీసుకు కారులో వెళ్లడం అలవాటైంది. ఆ అలవాటుకు తొలి మార్పు మెట్రో తెచ్చింది. 2019 మార్చి 20న హైటెక్‌ సిటీ స్టేషన్‌, అదే ఏడాది నవంబరు 29న రాయదుర్గం స్టేషన్‌ అందుబాటులోకి వచ్చాయి. నాలుగు నెలలు తిరక్కుండానే కరోనా వచ్చి పడింది. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్‌. ఇంటి నుంచే పని మొదలవడంతో ఉద్యోగులు ఖమ్మం, నల్గొండ, కరీంనగర్‌, గోదావరి జిల్లాల్లోని సొంతూళ్లకు చేరుకున్నారు. ఎందరివో కార్లు మాత్రం సెల్లార్లలోనే ఉండిపోయాయి.

ఆ రోజుల్లో లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు, ఫిట్‌నెస్‌ ధ్రువపత్రాల గడువును కేంద్ర రవాణా శాఖ పలు దఫాలుగా 2021 అక్టోబరు 31 వరకు పొడిగించింది. కాగితాలకు ఊరట దక్కింది గాని బ్యాటరీలోని ఆమ్లానికి, టైరులోని రబ్బరుకు గడువు పొడిగించే అధికారం ఏ శాఖకూ లేదు. తిరిగి వచ్చి తాళం తిప్పినవారికి టకటక శబ్దం తప్ప మరేమీ వినిపించలేదు. కరోనా వెళ్లిపోయినా పాత అలవాటు పూర్తిగా తిరిగి రాలేదు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసు, వెళ్లినా క్యాబ్‌ లేదా మెట్రో, మాదాపూర్‌ ట్రాఫిక్‌లో గంటసేపు క్లచ్‌ తొక్కడం ఇష్టం లేనివారు మరికొందరు. ఆరు నెలల పనికి అమెరికా వెళ్లేవారు తాళంచెవి వాచ్‌మన్‌ చేతిలో పెట్టి వెళ్లడమూ మామూలే.

బ్యాటరీదే తొలి దెబ్బ
ఇంజిన్‌ ఆపి తలుపులు వేసినంత మాత్రాన కారు పూర్తిగా నిద్రపోదు. సెక్యూరిటీ అలారం, రిమోట్‌ తాళం, గడియారం, లోపలి కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు 0.72 ఆంపియర్‌ అవర్లు, నెలకు దాదాపు 22. చిన్న కారులో ఉండే 35 ఆంపియర్‌ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా అలా ఆవిరైపోతుంది. ఎండాకాలంలో బ్యాటరీ తనంత తానే ఖాళీ అయ్యే వేగం కూడా పెరుగుతుంది. చార్జి తగ్గి ఎక్కువ కాలం ఉంటే లోపలి సీసం పలకలపై సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జి చేసినా పూర్వపు సత్తా రాదు. నాలుగేళ్లు రావాల్సిన బ్యాటరీ రెండేళ్లకే మూలన పడటానికి ఇదీ ఓ కారణం. నిండు బ్యాటరీ తీరిక మీద 12.6 వోల్టులు చూపాలి. 12.4కు దిగితే చార్జి పెట్టాలని, 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్లేనని అర్థం.

బ్యాటరీ పూర్తిగా డౌన్‌ అయితే కొత్తరకం కార్లతో మరో తంటా ఉంది. రిమోట్‌ పనిచేయక తలుపే తెరచుకోదు. రిమోట్‌ లోపలే చిన్న ఇనుప తాళంచెవి దాచి ఉంటుందన్న సంగతి తెలియక తాళాల వాళ్ల కోసం పరుగెత్తేవారున్నారు. మామూలు గేర్ల కారునైతే నలుగురు తోస్తే కదులుతుంది, ఆటోమేటిక్‌ కారుకు ఆ విద్య పనికిరాదు. జంపర్‌ కేబుళ్లే శరణ్యం. అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు ఈ కేబుళ్ల కోసం పక్కింటి తలుపు తట్టాల్సిన పరిస్థితి ఎవరూ కోరుకోరు. అలాంటి వేళ కోసమే కారు ఉంచుకున్నామని చెప్పేవారు మరీ జాగ్రత్తపడాలి.

ఐదు నిమిషాల భ్రమ
రోజూ ఉదయం కిందికి దిగి ఐదు నిమిషాలు స్టార్ట్‌ చేసి ఆపేయడం చాలా అపార్టుమెంట్లలో కనిపించే ఆనవాయితీ. వాచ్‌మన్‌కు అప్పగించే పని కూడా ఇదే. దీనివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజిన్‌, సైలెన్సరు బాగా వేడెక్కితేనే అది బయటకు పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే ఆ తేమ సైలెన్సరులోనూ, ఇంజిన్‌ ఆయిల్‌లోనూ మిగిలిపోతుంది. ఒకటి తుప్పు పడుతుంది, రెండోది పలచబడి జిడ్డు తేలుతుంది. స్టార్ట్‌ చేయడానికి ఖర్చయిన చార్జి కూడా, ఏసీ, లైట్లు వేసి ఉంటే, సరిగా తిరిగి నిండదు. వీటన్నిటికీ మించి గాలి ఆడని సెల్లారులో ఇంజిన్‌ నడిపితే కార్బన్‌ మోనాక్సైడ్‌ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. సెల్లారులోనే గది కట్టుకొని భార్యాపిల్లలతో ఉంటున్న వాచ్‌మన్‌ కుటుంబాలు ఈ ప్రాంతంలో తక్కువేమీ కావు. కారుకు ఆరోగ్యమని చేసే పని ఆ పసివాళ్ల ఊపిరికి ముప్పు తేకూడదు.

దీనికి బదులు వారానికో, కనీసం పక్షానికో ఒకసారి అరగంటకు తగ్గకుండా నడపాలి. ఆదివారం ఉదయం ఫైనాన్షియల్‌ డిస్ట్రిక్ట్‌ రోడ్లు ఖాళీగానే ఉంటాయి. పది నిమిషాలు ఏసీ కూడా వేస్తే కంప్రెసర్‌ సీళ్లకు ఆయిల్‌ అంది ఎండిపోకుండా ఉంటాయి. డీజిల్‌ కార్లకు ఇది మరీ ముఖ్యం. 2020 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌-6 డీజిల్‌ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి కాసేపు ఒకే వేగంతో సాగితేనే అందులోని మసి కాలిపోతుంది. కూరగాయల మార్కెట్‌ వరకే వెళ్లే కారులో ఆ ఫిల్టరు మూసుకుపోయి, ఎర్ర దీపం వెలిగి, వేలల్లో బిల్లు చేతికొస్తుంది. తక్కువ తిరిగేవారు డీజిల్‌ కారు కొనడమే తప్పని నిక్కచ్చిగా చెప్పవచ్చు. నడిపేవారే లేనప్పుడు బ్యాటరీ నెగెటివ్‌ వైరు ఊడదీయించడం మేలు. గడియారం, అలారం వంటివి మళ్లీ సరిచేసుకోవాల్సి వస్తుంది, అంతే.

విద్యుత్తు కారుకు ఈ బెడద లేదనుకోవడం కూడా పొరపాటే. అందులోనూ తలుపులు, కంప్యూటర్ల కోసం చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. పెద్ద బ్యాటరీని నెలల తరబడి నిండుగా గాని, అడుగంటా ఖాళీగా గాని వదలకుండా సగం చార్జితో ఉంచడం మంచిది.

టైరు వయసు అడిగేదెవరు?
అసలు ప్రమాదం టైర్లలోనే పొంచి ఉంది. గీతలు అరగకుండా కొత్తగా కనిపించే టైరును చూసి యజమాని మోసపోతాడు. రబ్బరు ఎండకు, గాలికి, కాలానికి గట్టిపడి పక్కలు సన్నగా బీటలు వారతాయి. టైరు పక్క భాగంపై డాట్‌ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణులకు చూపించాలి. పదేళ్లు దాటితే గీతలు ఎంత బాగున్నా తీసేయాల్సిందే. ఎవరూ పట్టించుకోని స్టెప్నీకీ ఇదే సూత్రం. 2017లో కొన్న కారు డిక్కీలో ఒక్కసారీ నేల తాకని స్టెప్నీ వయసు కూడా 2017 నుంచే లెక్క.

పంక్చర్‌ లేకపోయినా టైరులో గాలి నెలకు ఒకటి రెండు పౌండ్లు తగ్గుతుంది. 33 పౌండ్లు ఉండాల్సిన చోట ఆరు నెలలకు పాతిక కూడా మిగలకపోవచ్చు. గాలి తగ్గిన టైరు తిరుగుతున్నంత సేపూ పక్కలు నలుగుతాయి, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది. దానికి ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, వంద కిలోమీటర్ల వేగం తోడైతే బీటలు వారిన రబ్బరు ఎంతసేపు తట్టుకుంటుంది? సంక్రాంతి చలిలో గట్టెక్కిన టైరు మే నెలలో పెళ్లికి బయల్దేరినప్పుడు కూడా గట్టెక్కుతుందన్న భరోసా లేదు. గాలి పట్టించుకోవడానికి అయ్యే ఖర్చు టీ ఖర్చును మించదు. పెట్రోలు బంకుల్లో అదీ ఉచితమే.

ఒకేచోట నిలిపి ఉంచితే టైరు కింది భాగం చదునవుతుంది. నడిపినప్పుడు స్టీరింగు వణుకుతుంది. కొద్ది కిలోమీటర్లలో సర్దుకుంటే సరే, లేకుంటే మార్చక తప్పదు. నెలకోసారి బండిని రెండు అడుగులు ముందుకో వెనక్కో జరిపితే ఈ బాధ తప్పుతుంది.

బ్రేకుల సంగతి వేరు. వారాల తరబడి హ్యాండ్‌బ్రేక్‌ లాగి ఉంచితే వెనుక చక్రాల వద్ద పట్టేస్తుంది. సమతలంలో నిలిపినప్పుడు గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లో ఇటుకలో అడ్డుపెట్టి హ్యాండ్‌బ్రేక్‌ వదిలేయడం పాత డ్రైవర్లు ఎరిగిన పద్ధతే. బ్రేక్‌ ఆయిల్‌ గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. నీరు చేరిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మామూలు రోడ్డుపై తేడా తెలియదు. శ్రీశైలం ఘాట్‌ దిగుతూ పదేపదే బ్రేకు నొక్కినప్పుడు పెడల్‌ లోపలికి దిగిపోతుంది. కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్లకోసారి దాన్ని మార్చాలనడంలో అంతరార్థం ఇదే.

ట్యాంకులో పెట్రోలు కూడా మునుపటిది కాదు. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇథనాల్‌ తేమను పీల్చుతుంది. సగం ఖాళీ ట్యాంకుతో వర్షాకాలమంతా ఉంచితే నీరు చేరి అడుగున వేరుపడే అవకాశం ఉంటుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లను సర్వీసింగ్‌లో ఒకసారి పరిశీలించమని అడగడం మంచిది. ఎక్కువ కాలం నిలపాల్సి వస్తే ట్యాంకు నిండుగా ఉంచాలి.

ఎలుకలు, వాన నీరు
చెత్త గది పక్కనే పార్కింగు ఉన్నవారికి ఎలుకల బెడద చెప్పనక్కరలేదు. కదలని బానెట్‌ కింద వెచ్చగా గూడు కట్టి వైర్లు కొరికేస్తాయి. పొగాకు ఆకులు, కలరా ఉండలు, జాలీలు.. ఎవరి చిట్కా వారిది. చెత్త గదికి తలుపు బిగించడం, వారానికోసారి బానెట్‌ ఎత్తి చూడటం వీటన్నిటికన్నా పనికొస్తుంది.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుండపోతకు నగరంలో ఎన్నో సెల్లార్లు చెరువులయ్యాయి. గచ్చిబౌలికి కూతవేటు దూరంలోని టోలిచౌకి నదీమ్‌ కాలనీ రోజుల తరబడి నీటిలోనే ఉంది. మునిగిన కారును నీరు దిగాక స్టార్ట్‌ చేసి చూడటమే అతి పెద్ద తప్పు. ఇంజిన్‌లోకి చేరిన నీటితో లోపలి కడ్డీలు వంగిపోతాయి. ఇంజిన్‌ రక్షణకు ప్రత్యేకంగా అదనపు పాలసీ తీసుకోకపోతే ఆ నష్టానికి బీమా సంస్థలు సాధారణంగా చెల్లించవు. తాళం ముట్టకుండా లారీ ఎక్కించి షెడ్డుకు పంపాలి.

బీమా విషయంలో తక్కువ తిరిగేవారికి కొంత వెసులుబాటు ఉంది. నడిపిన కిలోమీటర్లను బట్టి సొంత నష్టం ప్రీమియం కట్టే పద్ధతికి నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జులైలో అనుమతినిచ్చింది. ప్రకటించిన కిలోమీటర్లు దాటితే నిబంధనలేమిటో ముందే చదువుకోవాలి. కారు కదలడం లేదు కదా అని పాలసీని గాలికొదిలేస్తే 90 రోజులు దాటాక నో క్లెయిమ్‌ బోనస్‌ పూర్తిగా పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్‌ లేనివారికి అది 50 శాతం రాయితీ.

డబ్బు లెక్క కూడా వేసుకోవాలి. బీమా పాత పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటిన కారు విలువలో సగం తరిగినట్లే. అది 10 వేల కిలోమీటర్లు తిరిగిందా, లక్ష తిరిగిందా అన్నది ఆ పట్టిక అడగదు. వాయిదా, బీమా, ఏటా సర్వీసింగు కలిపి 12తో భాగించి, నెలకు క్యాబ్‌లకయ్యే ఖర్చుతో పోల్చుకుంటే కొందరికి కారు అమ్మేయడమే లాభంగా తేలవచ్చు. పెద్దవాళ్లున్న ఇళ్లలో, ఊరితో రాకపోకలు తెగని ఇళ్లలో ఆ లెక్క ఒక్కటే సరిపోదన్నదీ నిజమే.

అమ్మనివారు పండగ ముందురోజు రాత్రి షెడ్డుకు వెళ్లడం మానుకోవాలి. అప్పటికి మెకానిక్‌లు తీరిక లేకుండా ఉంటారు, కావాల్సిన టైరు సైజు దుకాణంలో ఉండదు. ప్రయాణానికి రెండు వారాల ముందే ఆయిల్‌, బ్రేకులు, బ్యాటరీ, స్టెప్నీ సహా ఐదు టైర్లు, వైపర్‌ రబ్బర్లు చూపించుకొని, ఒక ఆదివారం ఔటర్‌ మీద యాభై కిలోమీటర్లు నడిపి చూసుకుంటే ఏ లోపమున్నా ఇంటి దగ్గరే బయటపడుతుంది. చౌటుప్పల్‌ దాటాక బయటపడితే పండగ పూట మెకానిక్‌ దొరకడం గగనమే.