గీత గీసే ముందు వెల్డరు చెయ్యి చూడండి

ఖరగ్‌పూర్ పూరీ గేట్ చుట్టుపక్కల షెడ్లు, డాబాల మీద ఇనప అంతస్తులు వేయించుకుంటున్న అన్నలకూ, వాటిని కట్టే మేస్త్రీలకూ, డ్రాయింగులు గీసే ఇంజనీరు పిల్లలకూ ఈ విన్నపం.

పాత గోడకు ఆనించి నిలబెట్టిన కాలమ్‌కి, నిచ్చెన మీద నించుని బ్రేసు (ఏటవాలు కడ్డీ) తగిలించే గసెట్ పలకని వెల్డు చేసే పద్ధతి మానేద్దాం. కాలమ్ షాపులో నేల మీద పడుకుని ఉన్నప్పుడే ఆ గసెట్‌ని అతికేద్దాం.

ఎందుకంటారా? మన షెడ్లకు వాడే ఐఎస్‌హెచ్‌బీ 150 కాలమ్ తీసుకోండి. రెండు ఫ్లాంజ్‌ల మధ్య 132 మిల్లీమీటర్లు. నడుమ వెబ్ మీద 10 మి.మీ. గసెట్ నిలబెడితే ఒక్కో పక్క మిగిలేది 61. లోతు 72. మూలలో ఫిల్లెట్ పడాలంటే రాడ్డుని 45 డిగ్రీల్లో పట్టాలి. ఇక్కడ 40 దాటేసరికే ఫ్లాంజ్ అంచు తగులుతుంది. దాంతో వెల్డరు రాడ్డుని గసెట్ వైపు వాల్చేస్తాడు. లోహం ఒక పలకకే కరుచుకుంటుంది, మూల బోలుగా ఉండిపోతుంది, స్లాగ్ లోపలే చిక్కుకుంటుంది. పైకి మాత్రం వెల్డు నిండుగా కనిపిస్తుంది! ఇక అవతలి పక్క గోడ అడ్డమైతే చెయ్యే దూరదు. డ్రాయింగులో రెండు పక్కలా గుర్తు ఉంటుంది, పని ఒక్క పక్కే జరుగుతుంది. తప్పు వెల్డరుది కాదు. చోటు చూడకుండా గీసినవాడిది.

లెక్క చూడండి. 5 మి.మీ. ఫిల్లెట్, 150 మి.మీ. పొడవు, రెండు పక్కలా. ఐఎస్ 800:2007 ప్రకారం షాపులో వేస్తే దాదాపు 20 టన్నులు ఆగుతుంది. సైటులో వేసిన వెల్డుకి భద్రతా గుణకం 1.25 బదులు 1.5 పెట్టమంటుంది కోడు, కనుక 17 టన్నులే. ఒక్క పక్కే పడితే ఎనిమిదిన్నర. ఆ ఒక్క పక్క కూడా వేరు దాకా దిగకపోతే ఎంత ఆగుతుందో ఏ కోడూ చెప్పదు. వైశాఖంలో కాల్‌బైశాఖి గాలి రేకుల్ని లాగేటప్పుడు ఆ బ్రేసే కదా షెడ్డుని నిలబెట్టాలి.

ఇంకో సంగతి. ఈ కాలమ్ వెబ్ మందం 5.4 మి.మీ. మాత్రమే. దాని నడుమ నుంచి బ్రేసు లాగితే డప్పు తోలులా ఉబ్బుతుంది. గసెట్ పైనా కిందా ఫ్లాంజ్ నుంచి ఫ్లాంజ్‌కి అడ్డ పలకలు అతకాలి. సైటులో ఆ పని దాదాపు అసాధ్యం, షాపులో కాలమ్‌ని తిప్పుకుంటూ చేస్తే సులువే.

గసెట్‌ని ఫ్లాంజ్ అంచు దాటించి బయటికి తీస్తే, సైటులో బ్రేసుని బోల్టులతో బిగించవచ్చు, లేదా ఖాళీ చోట వెల్డు చేయవచ్చు. అలాగని మరీ పొడవుగా వదిలేస్తే నొక్కుడుకు వంగిపోతుంది, సరిచూడాలి. చోటు కోసం బ్రేసు గీతని కాలమ్ నడుమ నుంచి జరిపితే అందువల్ల కాలమ్‌కి వచ్చే వంపునీ లెక్కలో వేయాలి. 10 టన్నుల లాగుడు 100 మి.మీ. తప్పితే కాలమ్ మీద ఒక టన్ను-మీటరు పడుతుంది.

2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఐ-35 డబ్ల్యూ వంతెన కూలి 13 మంది పోయారు. అక్కడ లోపం వెల్డులో కాదు, అంగుళం ఉండాల్సిన గసెట్ పలకలు అరంగుళమే ఉండటంలో. అతుకు దగ్గర అజాగ్రత్త అంత పని చేసింది.

ఒకపక్క రైల్వే వర్క్‌షాపు, ఒకపక్క ఐఐటీ ఉన్న ఊరు మనది. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇనుముతోనే బతికారు. ఆ చేతులకు పని తెలుసు, చోటు ఇవ్వండి.

డ్రాయింగు షాపుకి పంపే ముందు ఆ అతుకుని అట్టతో అసలు కొలతల్లో కత్తిరించండి, గోడ ఉన్న వైపు బల్ల అడ్డం పెట్టండి. వెల్డరుని పిలిచి, చేతికి హోల్డరూ రాడ్డూ ఇచ్చి, ముఖానికి షీల్డు పెట్టించి పట్టి చూపించమనండి. "పట్టదు బాబూ" అంటే డ్రాయింగు మార్చండి. షెడ్డు వేయించుకునే అన్నలారా, ఆ అట్ట చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

— పూరీ గేట్, ఖరగ్‌పూర్ నుంచి ఒక పాత వెల్డరు