'వ్యక్తిగతం కూడా రాజకీయమే' – ఏ అర్థంలో?

'ద పర్సనల్ ఈజ్ పొలిటికల్' అన్న మాటను మనం 'వ్యక్తిగతం కూడా రాజకీయమే' అని తెలుగు చేసుకున్నాం. గోడల మీద రాశాం, కరపత్రాల్లో వేశాం, శిక్షణా శిబిరాల్లో మొదటిరోజు మొదటి పాఠంగా చెబుతున్నాం. ఏ ధోరణిని ఎదిరించడానికి ఈ మాట పుట్టిందో, ఇవాళ మన సంస్థల్లో చాలామటుకు ఆ ధోరణికే దీన్ని ముసుగుగా వాడుతున్నాం. కొందరికి ఈ మాట కటువుగా తోచవచ్చు. కానీ ఈ సంగతి మనలో మనం మాట్లాడుకోక తప్పదు.

1969 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో కెరొల్ హానిష్ అనే కార్యకర్త తను పనిచేస్తున్న పౌరహక్కుల సంస్థలోని స్త్రీల కోసం ఒక చిన్న పత్రం రాసింది. స్త్రీలు బృందాలుగా కూర్చుని ఇంటిచాకిరీ గురించి, అబార్షన్ గురించి, పడకగది గురించి మాట్లాడుకోవడం రాజకీయం కాదు, 'థెరపీ' అని ఉద్యమంలో ఉన్నవాళ్లే ఎద్దేవా చేస్తున్న కాలం అది. ఈ పత్రం ఆ ఎద్దేవాకి జవాబు. 1970లో షులమిత్ ఫైర్‌స్టోన్, ఆన్ కోట్ తమ సంకలనంలో దాన్ని అచ్చువేశారు. మనందరికీ తెలిసిన శీర్షిక పెట్టింది కూడా ఆ సంపాదకులే, హానిష్ కాదు. శీర్షిక ప్రపంచమంతా తిరిగింది. దాని కింద ఉన్న వాదన అంత దూరం రాలేదు.

ఆ వాదన చాలా సూటిగా ఉంటుంది. థెరపీ అనగానే ఎవరికో జబ్బు ఉందనీ, ఎవరో మందు ఇవ్వాలనీ అనుకుంటాం. స్త్రీలకు ఉన్నది జబ్బు కాదు, వాళ్ల మీద అణచివేత ఉంది. పదిమంది అనుభవాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ఒక్కటీ ఆ ఒక్కరిది కాదని తెలుస్తుంది. అలాంటప్పుడు ఎవరికి వాళ్లు వెతుక్కునే పరిష్కారం నిలవదు, కలిసికట్టుగా కదలాల్సిందే. మాట్లాడుకోవడం ఆ కదలికకు మొదటి మెట్టు. మనం ఆ మెట్టు మీదే చాపలు పరుచుకుని కూర్చున్నాం.

తెలుగులో 'రాజకీయం' అన్న మాటతో ఒక చిక్కుంది. మనకు రాజకీయమంటే ఓట్లు, పార్టీలు. లేదంటే కుట్రలు. 'ఆవిడ ఇంట్లో రాజకీయాలు నడుపుతుంది' అంటే అత్తో ఆడపడుచో తగువులు పెడుతోందని అర్థం. అందుకే ఊళ్లో ఈ నినాదం చెబితే 'కాపురంలోకి రాజకీయాలెందుకమ్మా' అంటారు. హానిష్ ఈ మాటను వాడింది అధికార సంబంధాలన్న విశాలార్థంలో. ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి ఒళ్లు అరుగుతుంది, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్నలివి. 'సంసారం గుట్టు, రోగం రట్టు' అన్న సామెతను ఇలా చదివితే, ఆ గుట్టు ఎవరిని కాపాడుతోందో అర్థమవుతుంది.

ఈ ఇంగ్లీషు మాటతో పనిలేకుండానే దాని అర్థాన్ని పూర్తిగా ఆచరించి చూపించినవాళ్లు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. 1992 నాటికి మొగుడు తాగి కొట్టడం ఆ ఇంటి ఖర్మ. అక్షరాస్యతా తరగతుల్లో రాత్రిళ్లు కూడుకున్న స్త్రీలు మాట్లాడుకున్నారు. 'నీ మొగుణ్ణి నువ్వు మార్చుకో' అని ఒకరికొకరు సలహాలు చెప్పుకుని లేచి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వాళ్లు సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. తన్నే చేతికి సారా అందించి ఆదాయం లెక్కవేసుకుంటున్నది ప్రభుత్వమేనని, అంటే పడకగదికీ ఖజానాకీ మధ్య దారి ఉందని, వాళ్లు చూపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేసినప్పుడు దూబగుంటల్లాంటివి మళ్లీ ఎందుకు లేవలేదన్నది మనం తేల్చని బాకీ.

మరి ఇవాళ మన కౌన్సిలింగ్ గదుల్లో ఏం జరుగుతోంది? ఆమె వచ్చి చెబుతుంది, మనం ఓపికగా వింటాం, ఫారం నింపుతాం, అతన్ని పిలిపిస్తాం. 'ఇద్దరూ సర్దుకుపోవాలి' అని కాగితం రాయించి పంపుతాం. వ్యక్తిగతంగా వచ్చిన సమస్యను వ్యక్తిగతంగానే తిప్పి పంపడమిది. ఈ పని చేసే కార్యకర్తల నిజాయితీని నేను శంకించడం లేదు. వాళ్ల జీతం ప్రాజెక్టు మీద ఉంటుంది, ప్రాజెక్టుకు సంఖ్యలు కావాలి, ఊరేగింపుకు ఏ పద్దులోనూ డబ్బు రాదు. రాజ్యం కూడా ఇదే దారి చూపుతోంది. 2013లో లలితకుమారి కేసు తీర్పులో ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అన్న సుప్రీంకోర్టే, ముందు ప్రాథమిక విచారణ చేయదగిన వాటి జాబితాలో వివాహ, కుటుంబ వివాదాలను చేర్చింది. దొంగతనానికి లేని వెసులుబాటు తన్నులకు దొరికింది.

దీనికి మరో వికృతరూపం ఉంది. ఫలానా ఆమె తాళి తీసిందా, ఇంటిపేరు మార్చుకుందా అని కార్యకర్తల బతుకులకు మార్కులు వేయడం. స్త్రీని నిందించడం కాదు, ఆమె ఏ పరిస్థితుల్లో ఆ నిర్ణయం తీసుకుందో చూడమన్నదే మూలవ్యాసం. ఆ నినాదాన్నే తోటి స్త్రీల మీద నిఘాకి వాడుకోవడం వింతే.

అయితే ఇంటి తలుపులు బార్లా తీసేయమంటారా, స్త్రీకి ఏకాంతం అక్కర్లేదా అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నకు మన హైకోర్టు 1983లోనే మంచి జవాబిచ్చింది. సినీనటి సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి హిందూ వివాహ చట్టంలోని తొమ్మిదో సెక్షన్‌ను, అంటే విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే నిబంధనను, కొట్టేశారు. తన శరీరం మీద నిర్ణయం ఆమెదేననీ, ఆ ఏకాంతంలోకి రాజ్యం చొరబడరాదనీ ఆ తీర్పు సారం. అంటే ఏకాంతం ఆమెది, ఇంటిది కాదు. కొద్ది నెలలకే ఢిల్లీ హైకోర్టు ఎదురు తీర్పు చెప్పింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడమంటే పింగాణీ దుకాణంలోకి ఎద్దును తోలడమేనంది. 1984లో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. పగలకుండా కాపాడవలసింది పింగాణీనే అయింది! 2023లో రాసుకున్న భారతీయ న్యాయ సంహితలో కూడా, పద్దెనిమిదేళ్లు నిండిన భార్య మీద భర్త చేసే బలాత్కారం అత్యాచారం కాదన్న మినహాయింపును అలాగే ఉంచారు. ఇంటి గుట్టు పార్లమెంటు అచ్చువేసిన చట్టం. పెళ్లి, విడాకులు, వారసత్వం గురించి చట్టసభలూ కోర్టులూ నిర్ణయిస్తాయి, దానికి పేరు మాత్రం 'పర్సనల్ లా'.

మన త్రైమాసిక నివేదికల్లో 'రాజీ కుదిరిన కేసులు' అని ఒక గడి ఉంటుంది. దాని పక్కన మరో రెండు గడులు గీయమని నా ప్రతిపాదన. ఈ మూడు నెలల్లో ఒకే రకం ఫిర్యాదుతో వచ్చిన స్త్రీలు ఎంతమంది? వాళ్లను ఒకరికొకరిని పరిచయం చేశామా? మొదటిది నింపడానికి రిజిస్టరు చాలు. రెండోదానిలో చాలాచోట్ల సున్నా రాయాల్సి వస్తుంది, రాద్దాం. ఫండింగ్ సంస్థ ఆ సున్నా ఏమిటని అడిగితే, అప్పుడు వాళ్లతో మాట్లాడవలసిన సంగతులు మన దగ్గర చాలానే ఉన్నాయి.