కొత్త ల్యాప్‌టాప్‌కు చందా అడిగేముందు

కొంచెం పొడుగు రాత ఇది. తీరిక చూసుకొనే చదవండి, కానీ వచ్చే ఆదివారం కమిటీ కూర్చునేలోపు చదవండి.

సంఘం ల్యాప్‌టాప్ పనికిరాకుండా పోయిందనీ, కొత్తదానికి చందా వేసుకుందామనీ గ్రూపులో మాట నడుస్తోంది. ఇంటికి ఇంత అని ఒకరు లెక్క కూడా వేసేశారు. ఆ ల్యాప్‌టాప్‌తో ఆదివారం తెలుగు తరగతి నడిపే ముగ్గురం మేము దీనికి ఒప్పుకోవడం లేదు. డబ్బు ఇవ్వడానికి వెనకాడి కాదు. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట అవుతోందని.

అది కొని మూడేళ్ళు కాలేదు. 8 జీబీ ర్యామ్ ఉంది. గుణింతాలు చెప్పడానికి, జూమ్ తెరవడానికి అంతకన్నా ఏం కావాలి? అయినా తరగతి మొదలైన అరగంటకే ఫ్యాను రైస్‌మిల్లులా మొత్తుకునేది. మా మాట అవతల పిల్లలకు తెగి తెగి వినబడేది. "టీచరమ్మా, మీరు చెప్పింది ఖ నా, గ నా?" అని ఒక పిల్ల అడిగితే ఏం చెప్పాలి? 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక మన హోసూరు చుట్టుపక్కల చాలామంది పిల్లలకు తెలుగు అక్షరం దొరికేది ఇలాంటి ఆదివారం తరగతుల్లోనే. అదీ సగం వినబడకపోతే ఇక నేర్పేదేముంది? బజారులో చూపిస్తే "పాతదైపోయింది సార్, ర్యామ్ పెంచండి, లేకుంటే కొత్తది తీసుకోండి" అన్నారు. చందా మాట పుట్టింది అక్కడే.

ఒకరోజు సాయంత్రం విసుగొచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కాం. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. అందులో మెమరీ అన్నచోట నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తుంది. బ్రౌజరో, జూమో ఉంటుందనుకున్నాం. పైన కూర్చున్నది ఒక ఆడియో సాఫ్ట్‌వేర్. మేము వేసింది కాదు, ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చింది. ధ్వనిని మెరుగుపరచడం దాని పనట. పొద్దున తెరిచినప్పుడు కొంచెమే తీసుకునేది, మధ్యాహ్నానికి 2 జీబీ దాటేది. ఒక్క పాట మోగకపోయినా, ఒక్క మాట పలకకపోయినా అంతే. తీసుకున్నది తిరిగి ఇచ్చే అలవాటు దానికి లేదు.

దాని కిందే 'విండోస్ ఆడియో డివైస్ గ్రాఫ్ ఐసొలేషన్' అని ఇంకొకటి ప్రాసెసర్‌ను తినేస్తూ కనబడింది. పేరు చూసి విండోస్‌ను తిట్టుకున్నాం. తరువాత తెలిసింది, విండోస్ ఇచ్చింది చోటు మాత్రమే. ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్ళు పెట్టిన ఎఫెక్టులు నడిచేది ఆ చోటులోనే. ఇల్లు ఒకరిది, పొయ్యి మీద కుండ ఇంకొకరిది. పొగ వస్తే ఇంటాయన పేరే బయటికి వస్తుంది.

ఇందులో న్యాయం కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్ స్పీకర్లు చిన్నవి, వాటి గొంతు పలచన. ఆ పలచనను కప్పిపుచ్చడానికి ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొంత పనికొస్తుంది. సినిమా చూసుకునేవాళ్ళకు బాగానే ఉంటుంది. కానీ కావాలా వద్దా అని మనల్ని అడిగినవాళ్ళు లేరు. పెట్టె విప్పేసరికే లోపల కూర్చొని ఉంటుంది.

ఇంతవరకూ నెమ్మదితనం గురించే అయితే ఇంత రాసేవాళ్ళం కాదు. అసలు బాధ పాటలది.

పోయిన ఏడాది ఊరూరా తిరిగి అవ్వల చేత పాడించి ఈ ల్యాప్‌టాప్‌తోనే పన్నెండు పాటలు రికార్డు చేశాం, మీకు గుర్తుండే ఉంటుంది. అందులో దంపుళ్ళ పాట ఒకటి. అవ్వ రోట్లో రాగులు పోసి, రోకలితో దంచుతూ పాడింది. వెనక ఇద్దరు ఆడవాళ్ళు వంత పాడారు. ఆరోజు అక్కడ ఉన్నవాళ్ళకు ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చి వింటే గొంతు ఒక్కటే ఉంది. రోకలి దెబ్బ ఎక్కడో దూరాన దుప్పటి మీద పడినట్టు వినబడింది. వంత పాట ఉండీ లేనట్టే ఉంది. మైకు మంచిది కాదనుకొని ఊరుకున్నాం. అవ్వకు వినిపిస్తే మాత్రం ఆమె ఊరుకోలేదు: "ఏమప్పా, నా గొంతు ఉండాది, నా రోకలి యాడికి పోయె?"

అది ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మైకు కోసం 'నాయిస్ సప్రెషన్' అని ఒకటి ఉంటుంది. ఆఫీసు మీటింగుల కోసం చేసింది. ఎదురుగా కూర్చొని మాట్లాడే ఒక మనిషి గొంతు ఉంచాలి, మిగిలినదంతా రొద అని తీసెయ్యాలి. ఫ్యాను హోరు, కీబోర్డు టకటక, వీధిలో హారన్ లాంటివి. దాని లెక్కలో రోకలి దెబ్బకీ కీబోర్డు టకటకకీ తేడా లేదు. రెండు మైకులున్న ల్యాప్‌టాప్‌లలో ఎదుట ఉన్నవారి గొంతునే పట్టి, పక్కల నుంచి వచ్చేదాన్ని తగ్గించే ఏర్పాటు కూడా ఉంటుంది. వంత పాడినవాళ్ళు పోయింది అలాగే. తంబూరా శ్రుతి, తలుపు చాటు నుంచి వచ్చే చంటిపిల్ల ఏడుపు కూడా దానికి రొదే. మన పాటలో ఏది పాట, ఏది రొద అని తేల్చే పని దానికి ఎవరిచ్చారు?

పన్నెండులో పదకొండు పాటలు మళ్ళీ పాడించుకోవచ్చు. ఒకటి కుదరదు. ఆ పాట పాడిన అవ్వ మొన్న ఆషాఢంలో పోయింది. ఆమె పాట మన దగ్గర ఉన్నది అంతే, రొద తీసేసిన పాట. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా అందులోనూ ఇలాంటిదే ఒకటి కూర్చొని ఉంటుంది గదా? అందుకే మా అభ్యంతరం.

"కంపెనీవాళ్ళు తెలియకనే పెట్టారా? తీసేస్తే ఏమవుతుందో" అని పెద్దలొకరు అన్నారు. భయం న్యాయమైనదే, ఎందుకంటే మొదటిసారి మేము చేసింది తప్పే. తొందరపడి డ్రైవర్‌తో సహా పీకేశాం. ఆ ఆదివారం ల్యాప్‌టాప్ మూగపోయింది, తరగతి ఫోనులో నడిపాం. డ్రైవర్ వేరు, దానిమీద ఎక్కి కూర్చున్న ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్ వేరు. మొదటిదాన్ని ముట్టుకోకండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ వరకు వెళ్ళి, స్పీకర్‌కు ఒకసారి, మైకుకు ఒకసారి 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆపండి. అయినా అది మెమరీ తింటుంటే 'సర్వీసెస్' తెరిచి, దాని పేరు వెతికి, స్టార్టప్ టైప్ 'డిసేబుల్డ్' అని పెట్టండి. పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ అప్‌డేట్ దాన్ని మళ్ళీ తెచ్చి పెట్టొచ్చు, మాకు అదే జరిగింది. నెలకొకసారి చూసుకోవాలి. జూమ్‌లో పాట నేర్పేటప్పుడు 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్' పెట్టుకోండి, జూమ్ కూడా తనవంతు రొద తీసేస్తుంది. ఇదంతా చేశాక మా ల్యాప్‌టాప్ స్పీకర్ కాస్త పలచబడింది, నిజమే. ఫ్యాను మాత్రం నోరు మూసింది. తరగతి గంటన్నర తెగకుండా నడిచింది.

కోశాధికారిగారికి ఒక మాట. సంఘం బ్యాంకు ఖాతా కూడా ఇదే ల్యాప్‌టాప్‌లో తెరుస్తున్నారు. ఆడియో సాఫ్ట్‌వేర్‌తో దానికేం సంబంధం అనకండి. 2017 మే నెలలో స్విట్జర్లాండ్ భద్రతా సంస్థ మాడ్‌జీరో ఒక సంగతి బయటపెట్టింది. కొన్ని ఎచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో కోనెక్సెంట్ ఆడియో డ్రైవర్‌తో వచ్చిన ఒక ప్రోగ్రామ్, మైకు మ్యూట్ మీట నొక్కారా లేదా అని కనిపెట్టడానికి మీటలన్నిటినీ చూస్తూ, నొక్కిన ప్రతి అక్షరాన్నీ ఒక మామూలు ఫైలులో రాసి పెట్టింది. పాస్‌వర్డులతో సహా. దొంగబుద్ధితో చేసినట్టు కాదు, పరీక్షల కోసం పెట్టినదాన్ని తీయడం మరిచిపోయారు. ఎచ్‌పీ తరువాత సరిదిద్దింది. మన ల్యాప్‌టాప్‌లో అలాంటిది ఉందని మేము అనడం లేదు. మనకు అక్కర లేనిది, మనం అడగనిది లోపల నడుస్తుంటే ఏం చేస్తోందో చూసుకోవడం మన పనే.

కాబట్టి కమిటీకి మా మనవి. చందా ఆపండి. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే ఒక మంచి రికార్డర్, బయట పెట్టుకునే మైకు ఒకటి కొనండి, ల్యాప్‌టాప్ కన్నా చాలా తక్కువలో వస్తాయి. ఇళ్ళల్లో ల్యాప్‌టాప్ మొరాయిస్తున్నవాళ్ళు ఆదివారం తరగతి అయ్యాక పట్టుకురండి, ఛార్జరు మరవకండి, మేము కూర్చొని చూస్తాం.

దంపుళ్ళ పాట అవ్వ ఈసారి రాగులు తనే తెస్తానంది. వంతకు ఆ ఇద్దరు ఆడవాళ్ళతో ఇప్పటికే మాట్లాడాం. ఆ పొద్దు ఎవరింట్లోనైనా బరువైన రోకలి ఉంటే తెచ్చిపెట్టండి, అవ్వది విరిగిందట.