తప్పు మన నడుముది కాదు

ఆడవాళ్ళ బట్టల గురించి మాట్లాడే హక్కు మన దేశంలో ఆడవాళ్ళకి తప్ప అందరికీ ఉన్నట్లుంది. 2021 మార్చిలో అప్పటి ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి తీరథ్ సింగ్ రావత్, విమానంలో తన పక్కన కూర్చున్న ఒకామె మోకాళ్ళ దగ్గర చిరుగుల జీన్స్ వేసుకుందని, ఆమె స్వచ్ఛంద సంస్థ నడుపుతుందట అని చెప్పి, ఇలాంటివాళ్ళు పిల్లలకి ఏం సంస్కారం నేర్పుతారని ఒక కార్యక్రమంలో ప్రశ్నించారు. అదే ఏడాది జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని దేవరియా జిల్లాలో, జీన్స్ వేసుకున్నందుకు పదిహేడేళ్ళ అమ్మాయిని ఇంటివాళ్ళే కొట్టి చంపారని ఆ పిల్ల తల్లి పోలీసులకు ఫిర్యాదు చేసింది. మన హైదరాబాద్‌లోనే 2019లో ఒక మహిళా కళాశాల గేటు దగ్గర కుర్తా మోకాలి కిందికి ఉందో లేదో చూసి మరీ అమ్మాయిల్ని లోపలికి పంపారు. విద్యార్థినులు నిరసనకి దిగాక ఆ నిబంధనను ఎత్తేశారు.

వీటి మీద మనం మాట్లాడాం. ఏం వేసుకోవాలో నిర్ణయించుకునే హక్కు మాదేనన్నాం. సరే, ఆ హక్కుని వెంటబెట్టుకుని బట్టల షాపుకి వెళ్తే ఏమవుతుంది? అక్కడ మన ఒంటికి పట్టే జీన్స్ ఉండవు. ఈ రెండో సంగతి గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు. నీళ్ళు, భూమి, కూలి, హింస ఇన్ని సమస్యలుండగా ప్యాంటు గొడవేమిటని ఎవరైనా అడగొచ్చు. కానీ ‘వేసుకోకూడదు’ అని ఒకరు చెప్పినా, ‘నీ సైజు లేదు’ అని ఇంకొకరు చెప్పినా చివరికి జరిగేది ఒకటే. మన శరీరం దోషిగా నిలబడుతుంది.

నాకు జీన్స్ ఫ్యాషన్ కోసం అక్కరలేదు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళు తిరిగే పనిలో ఉన్నాను. స్కూటీ మీద వెళ్ళాలి, రద్దీ బస్సు ఎక్కాలి, గట్ల మీద నడవాలి, మీటింగుల్లో గంటలకొద్దీ కింద కూర్చోవాలి. చున్నీ చక్రంలో చుట్టుకుంటుందేమోనన్న భయం లేకుండా, ముళ్ళకంప తగిలినా చిరగకుండా, రెండు రోజులు ఉతక్కపోయినా మురికి కనబడకుండా ఉండే బట్ట కావాలి. అసలు జీన్స్ పుట్టిందే అందుకు. 1873లో లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ జేబుల మూలల్లో రాగి రివెట్లు కొట్టిన ప్యాంటుకి పేటెంట్ తీసుకున్నది శారీరక శ్రమ చేసే మగవాళ్ళ కోసం. ఆ కంపెనీ ఆడవాళ్ళ కోసం విడిగా జీన్స్ తయారుచేయడానికి 1934 దాకా పట్టింది. పని కోసం పుట్టిన బట్ట మన దగ్గరికొచ్చేసరికి పనికి తప్ప అన్నిటికీ అన్నట్టు తయారైంది.

నాకు 49 ఏళ్ళు, రెండు సిజేరియన్లు. ఈ సంవత్సరం జీన్స్ కోసం ఐదు షాపులు తిరిగాను. తొడల దగ్గర ఎక్కితే నడుం వెనక పిడికిలి పట్టేంత ఖాళీ. నడుం సరిపోతే తొడలు పట్టవు. రెండూ సరిపోతే పొడుగు జానెడు ఎక్కువ. నిలబడితే బాగున్నది కింద కూర్చుంటే వెనకనుంచి జారిపోతుంది. ఒక షాపులో అమ్మాయి, “ఆంటీ, మీ సైజువి ఇక్కడుండవండీ, జెంట్స్ సెక్షన్లో చూడండి” అంది. ఇంకో చోట, “కొంచెం తగ్గితే ఇది మీకు బాగుంటుంది మేడమ్” అన్నారు. ప్యాంటు కోసం వెళ్ళినదాన్ని బరువు మీద సలహా పట్టుకుని తిరిగొచ్చాను. ఆ అమ్మాయిల మీద నాకు కోపం లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి ఉండేది వాళ్ళే. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు కోసం కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం తేవాల్సి వచ్చిందంటే వాళ్ళ పరిస్థితి ఏమిటో అర్థం చేసుకోవచ్చు.

ఇంతకీ ఈ సైజులు ఎవరి కొలతలు? రెడీమేడ్ తయారీలో మామూలుగా ఒక సైజుకి నమూనా తయారుచేస్తారు. దాన్ని ఒక మోడల్ ఒంటి మీద సరిచూసి, లెక్క ప్రకారం పెంచుతూ తగ్గిస్తూ మిగతా సైజులు కోస్తారు. మనుషులు మాత్రం లెక్క ప్రకారం పెరగరు. ఒకరికి పిరుదుల దగ్గర, ఒకరికి పొట్ట దగ్గర, ఒకరికి తొడల దగ్గర కండ చేరుతుంది. నడుం రెండంగుళాలు పెరిగినంత మాత్రాన కాళ్ళు పొడుగు కావు. మగవాళ్ళ జీన్స్‌కి చాలాచోట్ల నడుం కొలత, కాలి పొడవు రెండు అంకెలుగా ఇస్తారు. మనకి ఒకే అంకె. దానికీ ఒక నియమం లేదు. మా ఇంట్లో ‘32’ అని రాసి ఉన్న రెండు జీన్స్‌ని టేపు పెట్టి కొలిస్తే ఒకదాని నడుం 32న్నర అంగుళాలు, ఇంకోదానిది దాదాపు 35.

ఈ అంకెల వెనక చరిత్ర ఉంది. అమెరికాలో 1939-40లో రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ అనే ఇద్దరు ప్రభుత్వం తరఫున 15 వేల మంది స్త్రీల కొలతలు సేకరించారు. ఆడవాళ్ళ రెడీమేడ్ సైజుల కోసం శాస్త్రీయంగా జరిగిన మొదటి పెద్ద ప్రయత్నం అదే. అయితే శ్వేతజాతి స్త్రీల కొలతలనే లెక్కలోకి తీసుకున్నారు. వాటి ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం వచ్చింది. అది చాలామందికి సరిపోలేదు. 1983లో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత ఏ కంపెనీ అంకె దానిదే. మన దేశానికైతే సొంత సైజుల పట్టికే లేకపోయింది. అమెరికా, బ్రిటన్ పట్టికల్ని కాస్త సవరించి మన మీద వేశారు. అక్కడి నల్లజాతి స్త్రీకే చోటివ్వని లెక్కలో అనంతపురం స్త్రీకి చోటెలా ఉంటుంది?

కాన్పు విషయమే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆ కోత మచ్చ ఉండేది పొత్తికడుపు మీద. నడుం కిందికి దిగే జీన్స్ బొత్తాం, జిప్పు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటాయి. లక్షలాది మంది స్త్రీల ఒంటి మీద ఉన్న కోతని పట్టించుకోకుండా బట్ట తయారవుతోందంటే, దాన్ని తయారుచేయించేవాళ్ళ కళ్ళ ముందు పిల్లల్ని కన్న స్త్రీ లేదన్నమాట.

జేబుల సంగతి ఇంకో కథ. 2018లో ‘ద పుడింగ్’ అనే అమెరికన్ పత్రిక 20 కంపెనీల జీన్స్‌ని కొలిచింది. ఆడవాళ్ళ ముందు జేబులు మగవాళ్ళ జేబులకంటే సగటున 48 శాతం పొట్టిగా, 6.5 శాతం ఇరుకుగా ఉన్నాయి. సెల్‌ఫోను పట్టదు, చెయ్యి దూరదు. కొన్నిటికి జేబు కూడా ఉండదు, ఉన్నట్టు కుట్టు మాత్రం వేస్తారు. డబ్బు, తాళంచెవులు, ఫోను మన ఒంటిమీద మన దగ్గరే ఉండటం చిన్న విషయమా? రాత్రిపూట బస్సు దిగి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని నడవాల్సిన స్త్రీని అడగండి.

సరైన జీన్స్ దొరికేదాకా ట్రయల్ రూంలోకి వెళ్ళిరావడమే. అక్కడ ముందు గోడలు, అద్దం, పైకప్పు వెతుక్కోవాలి. 2015లో గోవాలో ఒక బట్టల దుకాణంలో కెమెరా ట్రయల్ రూం వైపు తిరిగి ఉందని గమనించి ఫిర్యాదు చేసింది అప్పటి కేంద్రమంత్రి స్మృతి ఇరానీ. మంత్రికే ఆ పరిస్థితి. ఇలా చాటుగా చూడటం, చిత్రించడం 2013 సవరణతో నేరమైంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద శిక్షార్హం. ఈ సెక్షన్ మన శిక్షణ తరగతుల్లో తప్పకుండా చెప్పాలి.

చీరకి ఈ బాధ లేదు కదా అని కొందరంటారు. నిజమే. ఐదున్నర మీటర్ల గుడ్డ పెళ్ళికి ముందూ, నిండు నెలల్లోనూ, అరవయ్యో ఏటా మనతో పాటు సర్దుకుంటుంది. జాకెట్టు టైలరు కూడా మన కొలత తీసుకునే గుడ్డ కోస్తాడు. ఇది చీరకే కట్టుబడి ఉండాలని చెప్పే వాదన కాకూడదు. ఒంటిని బట్టి బట్ట కుట్టడం మనకి తెలిసిన పద్ధతేనని గుర్తు చేసుకుంటే చాలు. బట్టని బట్టి ఒళ్ళు మార్చుకోమనడం మార్కెట్ తెచ్చిన పద్ధతి. దానివల్ల షాపులోంచి వట్టి చేతులతో వచ్చిన పదహారేళ్ళ పిల్ల ఆ రాత్రి అన్నం మానేస్తుంది. కంపెనీ పట్టిక తప్పని ఆ పిల్లకి చెప్పేవాళ్ళు లేరు.

ఈ జీన్స్ కుట్టేదీ మనవాళ్ళే. బళ్ళారిలో, దాన్ని ఆనుకుని ఉన్న మన రాయదుర్గంలో ఇళ్ళలోనూ చిన్న యూనిట్లలోనూ జీన్స్ కుట్టడమే ఎన్నో కుటుంబాలకి బతుకుతెరువు. కోసిచ్చిన ముక్కలు వాళ్ళ చేతికొస్తాయి, పీసుకింతని కూలి వస్తుంది. నడుం ఇలా ఉంటే కూర్చోవడానికి వీలుండదని, జేబు ఇంకాస్త లోతుండాలని చెప్పే అవకాశం వాళ్ళకి లేదు. వేసుకునే స్త్రీకీ కుట్టే స్త్రీకీ మధ్య కోత బల్ల దగ్గర ఇంకెవరో నిలబడి ఉన్నారు.

అందుకని మనం అడగాల్సినవి కొన్నున్నాయి. విడిగా అమ్మే దుస్తుల మీద ఎస్, ఎం, ఎల్ గుర్తులతో పాటు సెంటీమీటర్లలో కొలత ఉండాలని 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది. ఆ కొలత కోసం ప్రతి షాపులో నిలదీసి అడుగుదాం. నడుం, పిరుదులు, కాలి పొడవు మూడూ రాయమందాం. భారతీయుల సైజుల కోసం నిఫ్ట్ సంస్థ ‘ఇండియాసైజ్’ పేరుతో 25 వేల మందికి పైగా కొలతలు తీసే సర్వే తలపెట్టింది. వయసు 15 నుంచి 65. ఎంచుకున్న ఆరు చోట్లలో హైదరాబాద్ ఉంది, కానీ ఆరూ నగరాలే. పొలం పనులు చేసిన ఒళ్ళూ, అరవై అయిదు దాటిన ఒళ్ళూ ఆ లెక్కలోకి రావా? ఆ కొలతలు కంపెనీలకే కాక చిన్న టైలర్లకీ అందుతాయా? ఈ ప్రశ్నలు అడగాల్సింది మహిళా సంఘాలే.

మూడోది మన చేతిలోనే ఉంది. మన సంస్థలు నడిపే కుట్టు శిక్షణ కేంద్రాల్లో ఏం నేర్పుతున్నాం? జాకెట్టు, లంగా, నైటీ, పిల్లల గౌను. ప్యాంటు కోత మగ టైలరు విద్యగానే ఉండిపోయింది. ఆ కోత మన అమ్మాయిలకి నేర్పిద్దాం. మందపాటి గుడ్డ కుట్టే మిషన్ ఒక్కటి కొని పెడదాం. కింద కూర్చుంటే జారని నడుము, కోత మచ్చకి ఒరుసుకోని పట్టీ, ఫోను పట్టే జేబు ఉన్న జీన్స్ ఎలా ఉండాలో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఇంతకాలం మన కొలతల్ని వాళ్ళూ వీళ్ళూ తీశారు. ఇకనైనా టేపు మన చేతిలోకి తీసుకుందాం.