మోల్: తూకమా, లెక్కా?

క్రిందటి విద్యాసంవత్సరంలో సైన్సు విద్యార్థి ఒకడు తెలుగు తరగతి ముగిసిన పిమ్మట నా వద్దకు వచ్చి, "సార్, మోల్ అనే మాటకు తెలుగులో అర్థమేమిటి?" అని అడిగినాడు. నిఘంటువు తెరిచినాను. పుట్టుమచ్చ అని ఒక అర్థం, నేలను త్రవ్వే చిన్న జంతువు అని మరొక అర్థం కనబడినవి. ఇద్దరమూ నవ్వుకొన్నాము. ఆ సాయంత్రం రసాయనశాస్త్రం బోధించే మిత్రుని ఆశ్రయించి కొంత తెలుసుకొని, మరునాడు ఆ విద్యార్థిని పిలిచినాను. ఒక మోల్ నీరు 18 గ్రాములు, ఒక మోల్ ఇనుము సుమారు 56 గ్రాములు అని అతడు తడుముకోకుండా చెప్పినాడు. "మరి కణాలు ఎందులో ఎక్కువ?" అన్నాను. "ఇనుములోనే సార్, బరువెక్కువ కదా!" అన్నాడు.

తప్పు అతనిది కాదు. తెలుగు మాధ్యమం నుండి, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన మన పిల్లలు ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చుని, అర్థం తెలియని మాటను కంఠస్థం చేసి గట్టెక్కుతున్నారు. మార్కులు వస్తున్నవి. తరువాత గాఢత, సమతాస్థితి వంటి పాఠాలు వచ్చేసరికి పునాది కదిలి, "నాకు సైన్సు రాదు" అనుకొంటున్నారు.

మోల్ తూకం కాదు, లెక్క. డజను అంటే 12. మన పెద్దలు 24 కాగితాలను దస్తా అనేవారు. ఉర్దూవారికీ తెలుగువారికీ అది ఉమ్మడి మాట. అట్లే మోల్ అంటే 6.02214076 × 10²³. డజను నిమ్మకాయలు, డజను గుమ్మడికాయలు సంఖ్యలో సమానమే, బరువులో కావు. భూమిమీది 800 కోట్లమందీ రాత్రింబవళ్ళు సెకనుకొకటి చొప్పున లెక్కపెట్టినా, ఒక మోల్ పూర్తికావడానికి సుమారు 24 లక్షల ఏండ్లు పట్టును. అయినా నీటి విషయంలో ఆ సంఖ్య నాలుగు చెంచాలకు మించదు. అందుచేతనే లెక్కించుటకు మారుగా తూచుచున్నాము, నాణేల సంచిని తూచి ఎన్ని ఉన్నవో తేల్చినట్లు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. డజను అన్నప్పుడు "దేని డజను?" అని అడగాలి. డజను చెప్పులు వేరు, డజను జతల చెప్పులు వేరు. ఆక్సిజన్ అణువు రెండు పరమాణువుల జత. కనుక ఒక మోల్ ఆక్సిజన్ పరమాణువులు 16 గ్రాములైతే, ఒక మోల్ ఆక్సిజన్ అణువులు 32 గ్రాములు. దీనిని సూత్రంగా వల్లించిన విద్యార్థి పొరబడవచ్చును గాని, చెప్పుల జతగా తెలిసినవాడు పొరబడడు.

పాత పుస్తకాలలోని "గ్రాము అణుభారం" అనే మాటయే ఈ భ్రమకు కొంత కారణమని నా అనుమానం. అందులో భారం ఉన్నది, సంఖ్య లేదు. 1971లో అంతర్జాతీయ ప్రమాణాలలో చేరినప్పుడు కూడ మోల్‌ను 12 గ్రాముల కర్బనం-12తో ముడిపెట్టి నిర్వచించినారు. 2019 మే 20 నుండి ఆ ముడి వీడినది. ఇప్పుడు నిర్వచనంలో ఉన్నది సంఖ్య మాత్రమే. 1811లో సమాన ఘనపరిమాణాల వాయువుల సిద్ధాంతం చెప్పిన అవగాడ్రో ఈ సంఖ్యను ఎరుగకుండానే 1856లో మరణించినాడు. దానికి ఆయన పేరు పెట్టినది 1909లో పెర్రిన్.

మోల్‌కు తెలుగు మాట పుట్టించవలెనని నేను కోరను. డజను మనదైనట్లే అదీ మనదగును. కళాశాల కమిటీవారికి నా మనవి వేరు. పబ్లిక్ పరీక్ష ప్రశ్నపత్రం మన చేతిలో లేదు గాని, కళాశాలలో జరిపే పరీక్ష మన చేతిలోనే ఉన్నది. అందులో లెక్కకు ముందు, నేనా విద్యార్థిని అడిగిన ప్రశ్న ఒకటి ఉంచండి. ప్రయోగశాల బీరువాలో 18 గ్రాముల నీరు, 56 గ్రాముల ఇనుప రజను, 342 గ్రాముల పంచదార మూడు సీసాలలో పెట్టి, మూడింటి మీదా ఒకే సంఖ్యను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి అతికించండి. సీసాలు నేను తెచ్చి ఇస్తాను.